తెరమీది స్త్రీ యెవరి కొఱకు?

టెలివిజన్ వ్యాపారము తక్కిన వ్యాపారముల వంటిది కాదు. ఇందు ప్రేక్షకుడు కొనువాడని పైకి తోచును; కాని పరిశీలించి చూచినచో నాతడే యమ్ముడుపోవు సరకు. ప్రకటనదారులు ధన మిచ్చి కొనునది కార్యక్రమమును గాదు, దానిని చూచుచు కూర్చున్న జనమును. కెనడా దేశీయుడగు డాలస్ స్మైత్ పండితుడు 1977లోనే యీ విషయమును విశదపఱచెను. తెరమీద స్త్రీ యేల యట్లు కన్పట్టుచున్నదని ప్రశ్నించువారు మొట్టమొదట నీ బేరమును గమనింపవలయును. ఆమె రూపమును నిర్ణయించునది కళాకారుని కల్పన యొక్కటియే కాదు. ఎవరిని తెరముందు కూర్చుండబెట్టి, యే సరకు నమ్మదలచిరను లెక్క కూడ.

ఈ లెక్క పాతది. 1930 దశకమున అమెరికాలో రేడియో ప్రబలినపుడు, పగటివేళ నింట నుండు గృహిణుల నుద్దేశించి సబ్బుల కంపెనీలు ధారావాహిక నాటకములను ప్రసారము చేయించెను. 1933లో ఆరంభమైన ‘మా పెర్కిన్స్’ నాటకమునకు ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ తన బట్టలసబ్బు పేర ధన మొసగెను. ‘సోప్ ఒపేరా’, అనగా సబ్బు నాటకము, అను పేరు ఇట్లే కలిగినది. ‘గైడింగ్ లైట్’ అను నాటకము 1937లో రేడియోలో పుట్టి, 1952లో టెలివిజన్‌కు చేరి, 2009 వఱకు సాగెను. ఇట్టి నాటకములలో స్త్రీయే ప్రధానపాత్ర. ఆమె మాటకు విలువ కలదు. ఆమె కష్టమునకు సానుభూతి కలదు. కాని చాలవఱకు నామె లోకము గుమ్మము దాటదు. గృహమే యామె సర్వస్వమను భావము నిలిచియున్నంత కాలము సబ్బునకు గిరాకి తప్పదు గదా!

సంగీత వీడియోల చరిత్ర యిందులకు మఱియొక ముఖము. 1981 ఆగస్టు 1వ తేదీన అమెరికాలో ఎమ్‌టీవీ ప్రారంభమయ్యెను. దాని గుఱి 12 మొదలు 34 ఏండ్ల వయస్సు వారు. పాటల రికార్డుల నమ్ముకొనుటకై కంపెనీలు తీయించిన చిత్రములే దాని కార్యక్రమములు. అనగా నచట ప్రకటనయే పాట, పాటయే ప్రకటన. రాక్ సంగీతపు రికార్డులను కొనువారు పడుచువాండ్రే యని వర్తకులు తలచిరి. కావున పాటలోని స్త్రీ వారి కన్నులకు విందుగా నలంకరింపబడెను. 1986లో రాబర్ట్ పామర్ పాడిన ‘అడిక్టెడ్ టు లవ్’ వీడియోలో ఒకే వేషమున, ఒకే ముఖవైఖరితో స్త్రీలు వాద్యములు పట్టి యాతని వెనుక నిలిచియుందురు. వాద్యము లున్నవి గాని వాయించుట లేదు. వారు సంగీతకత్తెలు గారు, అలంకారముగా నిలిపిన మోడళ్లు. 1999లో షానియా ట్వేన్ అను గాయని యీ దృశ్యమునే తలక్రిందు చేసి, తన వెనుక పురుషుల నట్లే నిలిపెను. చూచినవారికి నవ్వు వచ్చెను. స్త్రీలను నిలిపినపుడు సహజముగా తోచినది పురుషులను నిలిపినపుడు హాస్య మగుటయే యిందలి యసమానతకు నిదర్శనము.

అయితే గుఱి మాఱినచో చిత్రమును మాఱునని కూడ నా చరిత్రయే చెప్పుచున్నది. 1983లో సిండీ లాపర్ పాట వీడియోలో ఆడపిల్లలు గుంపుగా కూడి వీథులలో స్వేచ్ఛగా నాడిపాడిరి. ఆడపిల్లలును శ్రోతలే, వారును రికార్డులు కొందురు అను నెఱుక కలిగినపుడు తెరమీది పడుచు బొమ్మ కాక మనిషి యయ్యెనని, లిసా లూయిస్ 1990లో ప్రకటించిన గ్రంథమున చూపినది.

బేరములో తమ కెట్టి స్థానమును లేనివారు కూడ నోరు విప్పవచ్చును. 2003లో నెల్లీ అను ర్యాప్ గాయకుని వీడియో యొకటి వెలువడెను. అందొక స్త్రీ శరీరముపై క్రెడిట్ కార్డును గీచు దృశ్యము కలదు. 2004లో ఆయన ధర్మసంస్థ ఎముకమజ్జ దాతల నమోదు కొఱకు అట్లాంటాలోని స్పెల్మన్ కళాశాలకు రానుండగా, ఆ నల్లజాతి మహిళా కళాశాల విద్యార్థినులు ఆ వీడియోను గూర్చి ముఖాముఖి సమాధానము కోరిరి. ఆ కార్యక్రమమే రద్దయ్యెను. 2005లో ‘ఎసెన్స్’ పత్రిక సంగీతమున స్త్రీగౌరవమును నిలుపుటకై ఉద్యమమును సాగించెను. ఆ యువతులు సంగీతమును ద్వేషించినవారు కారు. అది తమ సంగీతమే కాన ప్రశ్నించిరి.

ఇక మన దేశమునకు వత్తము. 1975–76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజన్ చేరినపుడు, వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును గలవు. నాటి ప్రేక్షకుడు సరకు కాడు. సేద్యమును, ఆరోగ్యమును నేర్చుకొనవలసిన పౌరుడు. 1984లో దూరదర్శన్ ప్రసారము చేసిన ‘హమ్ లోగ్’ నాటికి ఉపదేశమును, మాగీ నూడిల్సు ప్రకటనయు నొక్క తెరపై కలిసినవి. అందలి తల్లి భగవంతి అన్నియు సహించు నిల్లాలు. అట్లుండరాదని తెలుపుటకే రచయిత లామెను సృష్టించిరి. కాని యెందఱో ప్రేక్షకు లామెనే యాదర్శముగా గ్రహించిరి! తెరమీది బొమ్మకు అర్థము నిచ్చునది తెరముందరి సంస్కారమే.

1995 నుండి తెలుగున ప్రైవేటు ఛానళ్లు వెలసినవి. నేడు మన యిండ్లలో సాయంకాలమున ధారావాహికలు ఇల్లాండ్ర కొఱకు. ఐటమ్ పాటలు కుఱ్ఱవాండ్ర కొఱకు. ఒకదానిలో కోడలు కన్నీరు కార్చును, లేదా కుట్ర పన్నును. రెండవదానిలో పేరైన లేని పడుచు నడుము త్రిప్పును. తల్లి యొక స్త్రీని చూచుచున్నది. కుమారుడు మఱియొక స్త్రీని చూచుచున్నాడు. చదువుకొనుచు, కొలువు చేయుచు, బస్సులో నిలబడి యింటికి వచ్చు కూతురు ఈ రెంటిలోను తన ముఖమును కానదు. ఆమెను తెరపై కానని తమ్ముడు ఆమెను గౌరవించుట యెచట నేర్చును?

టెలివిజన్ కేవలము కీడే యనుటయు న్యాయము కాదు. తమిళనాడు, బీహారు మున్నగు రాష్ట్రముల గ్రామములకు కేబుల్ వచ్చిన తరువాతి మార్పులను పరిశీలించి జెన్‌సన్, ఆస్టర్ అను నర్థశాస్త్రజ్ఞులు 2009లో ఫలితములను ప్రకటించిరి. భార్యను కొట్టుట తప్పు కాదను భావమును, మగబిడ్డయే కావలయునను కోరికయు నచట తగ్గెనట. పట్టణపు స్త్రీ చదువును, స్వేచ్ఛను చూచుటయే యిందులకు హేతువు కావచ్చునని వారి యూహ. ఇంతటి శక్తి గల సాధనమును బేరగాండ్రకే విడిచిపెట్టుట యెంత యవివేకము!

స్త్రీలను అసభ్యముగా చిత్రించుటను నిషేధించు చట్టము 1986 నుండి కలదు. స్త్రీల గౌరవమునకు భంగకరములగు నాచారములను త్యజించుట పౌరుని ధర్మమని రాజ్యాంగపు 51ఎ అధికరణము విధించినది. ప్రేక్షకుల ఫిర్యాదులను విచారించుటకు 2011లో ప్రసారసంస్థలే యొక మండలిని నెలకొల్పినవి. కాని చట్టము అసభ్యతను ఆపగలదు గాని, మంచి పాత్రను వ్రాయలేదు. అది ప్రేక్షకుల కోరికవలన కలుగవలయును. రేటింగు లెక్కలలో మనలను వయస్సుగా, లింగముగా, కొనుగోలు శక్తిగా విభజించుచున్నారు. యూట్యూబులో మన చూపు ప్రతియొక్కటియు లెక్కకు వచ్చుచున్నది. కావున మనము చూచునదియు, చూడ నిరాకరించునదియు రెండును మన యభిప్రాయములే. తల్లి చూచు నాటకమును కుమారుడును, కుమారుడు చూచు పాటను తల్లియు నొకమాఱు కలిసి చూచి, ఇందలి స్త్రీ యెవరి కొఱకు సృష్టింపబడినదని యింటింట ప్రశ్నించుకొనిననాడు వర్తకుని లెక్క తప్పును. మన కూతురి ముఖము తెరపైకి వచ్చును.