సగము వాక్యపు సాయము



నేటి నా ప్రసంగవిషయము మిక్కిలి చిన్నది. బడిపిల్లవానికి విషయము తెలిసియుండియు చెప్పలేకపోయినప్పుడు, జవాబు నందింపక వాక్యపు మొదలు మాత్రమే అందించుట యెట్లు, దానివలన ప్రయోజనమేమి యనునదే యిది. విషయము చిన్నదే గాని, దానిపై నాధారపడిన ఫలము చిన్నది కాదు.

మూడవ తరగతి పిల్లవానిని ‘వేసవిలో చెరువు నీరు ఎందుకు తగ్గుతుంది?’ అని యడుగుడు. ‘ఎండకు’ అని యొక్క మాట చెప్పి యూరకుండును. వానికి విషయము తెలియదా? దినదినము ఆ గట్టుమీద నాడుకొనువానికి తెలియకుండునా? వానికి లేనిది తెలివి కాదు. తెలిసినదానిని కారణము, కార్యము కనబడునట్లు పూర్తివాక్యముగా నిలుపగల భాష. ఇంటిలో నా భాషతో పనిలేదు. ‘అది తే, ఇక్కడ పెట్టు’ అన్న చాలును. వస్తువు కన్నులయెదుటనే యుండును. బడిలోనన్ననో, ఎదుట లేనిదానిని గూర్చి తెలియనివానికి తెలియునట్లు చెప్పవలెను. రెండు భాషలతో పెరుగు పిల్లలను గూర్చి విచారించుచు, కెనడాదేశపు విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979లో ఈ యింటిమాటకును బడిమాటకును గల భేదమును స్పష్టపరచెను. ఇంట కోయయో, సవరయో, లంబాడీయో పలుకుచు బడిలో తెలుగు చదువు మన పిల్లలకు ఈ కష్టము రెట్టింపు. ఇంట తెలుగే పలుకువారికిని ఇది లేకపోలేదు.

ఒక్కమాట జవాబు చెప్పు పిల్లవానిని మందమతి యనుకొనుట సులభము. నా యుపాధ్యాయత్వకాలమున నట్టివారిని పెక్కుమందిని చూచితిని. వారు మెల్లగా వెనుకవరుసకు జరుగుదురు. చేయి యెత్తుట మానుదురు. పరీక్షకాగితమున ఖాళీలు విడుతురు. తుదకు ‘వీడికి చదువు రాదు’ అని యింటివారే నిశ్చయించి ప్రత్తిచేనికి పంపుదురు. వానికి రానిది చదువు కాదు, వాక్యము.

దీనికి చేయవలసిన దేమి? ‘చెరువు నీరు తగ్గడానికి కారణం ఏమిటంటే…’ అని మొదలుపెట్టి మీరు ఆగుడు. ‘ఎండ వేడికి నీరు ఆవిరైపోవడం’ అని పిల్లవాడు పూరించును. జవాబు వానిదే, దారి మాత్రము మీది. అవధానసభలో పృచ్ఛకుడు కడపటి పాదమిచ్చి తక్కిన మూడు పాదములు పూరింపుమనును గదా! ఇదియు సమస్యాపూరణమే, ఇచ్చట తుదకు మారు మొదలిత్తుము.

మన పూర్వులకు ఈ మార్గము క్రొత్త కాదు. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును చదివినవారు పంచావయవవాక్యము నెరుగుదురు. కొండపై నిప్పున్నదని ప్రతిజ్ఞ. పొగ యుండుటచేత నని హేతువు. పొగ యున్నచోట నిప్పుండును, వంటయింటియందువలె నని యుదాహరణము. ఈ కొండయు నట్టిదే యని యుపనయము. కావున నిప్పున్నదని నిగమనము. మెట్లు గురువు చూపును, ఎక్కువాడు శిష్యుడు. పసివారికి ఈ పేర్లక్కరలేదు. నేను పలుకు గ్రాంథికము అసలే యక్కరలేదు. పాఠ్యపుస్తకపు సులభమైన తెలుగు చాలును.

పనినిబట్టి మొదలు మారవలెను. చూచినది చెప్పుటకు ‘నేను గమనించింది ఏమిటంటే…’ అనియు, పోల్చుటకు ‘రెండింటికీ పోలిక ఏమిటంటే… తేడా ఏమిటంటే…’ అనియు నందింపుడు. కందులు విసిరినచో గింజ రెండు బద్దలగును. వడ్లు దంచినచో ఒక్కటే బియ్యపుగింజ వచ్చును. తిరగలి చూచిన పిల్లకు ఏకదళ ద్విదళ బీజముల భేదము సగము తెలిసినదే. దానిని నిలుపుటకు వాక్యమొక్కటే కొరవ. తోడివాని మాటను కాదనుటకు ‘నువ్వు చెప్పింది విన్నాను, కాని నేను వేరుగా అనుకుంటున్నాను, ఎందుకంటే…’ అని నేర్పినచో, తగవులాడక వాదించుట యలవడును. ఈ యొక్క వాక్యము రచ్చబండ కడ పెద్దలకును పనికివచ్చును.

ఇందు మన భాషకు తగిన మెలకువ యొకటి కలదు. ఇంగ్లీషులో క్రియ ముందుగా వచ్చును గనుక మొదలిచ్చిన చాలును. తెలుగున క్రియ సాధారణముగా తుదనుండును. కావున రెండు కొసలును అందింపవలెను. ‘ఒకవేళ’ అన్నచో ‘అయితే’, ‘ఎంత’ అన్నచో ‘అంత’, ‘నేను అనుకునేది ఏమిటంటే’ అన్నచో ‘అని’. నడుమ నున్న చోటు పిల్లవానిది.

బడిలోనైనచో ఉపాధ్యాయుడు ఆ మొదలును నల్లబల్లపై వ్రాసి, తాను ఒకమారు పూరించి చూపి, పిల్లలను ఇద్దరిద్దరుగా ఒకరితో నొకరు చెప్పుకొననిచ్చి, పిమ్మట వ్రాయింపవలెను. నోట పలికినది చేత వ్రాయుట సులభము.

అయితే రెండు జాగ్రత్తలు. మొదటిది, మొదటిలోనే జవాబు దాగియుండరాదు. అట్లయినచో చిలుకపలుకులే మిగులును. రెండవది, ఈ సాయము శాశ్వతము కారాదు. గోడ లేచువరకు సారువ కట్టుదుము, లేచినపిదప విప్పుదుము. బోధనయందలి యిట్టి సాయమునకు వుడ్, బ్రూనర్, రాస్ అను విద్వాంసులు 1976లో ఆ సారువ పేరే పెట్టిరి. పిల్లవాడు తనంతట వాక్యమెత్తుకొన్ననాడు మీరు మాటాడకుండుడు. ఎత్తుకొనగలవానికి అసలే యందింపకుడు.

పెద్దలారా, దీనికి పలక యక్కరలేదు, ఖర్చు లేదు, చదువు రానివారును చేయగలరు. రాత్రి భోజనమైన పిమ్మట మీ మనుమనినో మనుమరాలినో ప్రశ్న యొకటి యడుగుడు. ఒక్కమాట జవాబు వచ్చినచో గద్దింపకుడు. సగము వాక్యమందించి వేచియుండుడు. ఆ నిశ్శబ్దములో పసివాడు తన సగమును వెదకుకొనుచుండును. తొందరపడి మనమే పూరింపకుండుట, ఇందులో పెద్దలకు గల కష్టమైన పని. సెలవు.