ఇంగ్లిష్ మాష్టారు సముద్రం దాటాలంటే

ఎంఏ ఇంగ్లిష్, బీఈడీ, పైగా చీరాలలోనో బాపట్లలోనో పదేళ్లు పాఠం చెప్పిన అనుభవం. ఇన్ని ఉన్నా, దక్షిణ కొరియాలో ఇంగ్లిష్ చెప్పడానికి ఇచ్చే ఇ-2 వీసా మన మాష్టారికి మామూలు దారిలో రాదు. ఆ వీసా కోసం కొరియా లెక్కలోకి తీసుకునే ఇంగ్లిష్ దేశాలు ఏడే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ముందు పాస్‌పోర్టు రంగు చూస్తారు, ఆ తర్వాతే వ్యాకరణం.

ఆ ఏడో పేరు దగ్గర కాస్త ఆగాలి. 1860లో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు రేవు నుంచి చెరకు తోటల కూలీలను నాటాల్‌కు తీసుకెళ్లింది. తర్వాతి యాభై ఏళ్లలో తెలుగు జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు అదే దారి పట్టాయి. వాళ్ల సంతానం 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకుంది. అలా వెళ్లిన కూలీ మునిమనవడు ఇవాళ దక్షిణాఫ్రికా పాస్‌పోర్టు, ఏదో ఒక డిగ్రీ, ఇంగ్లిష్‌లో చదువుకున్నట్టు రుజువు చూపిస్తే సియోల్‌లో పాఠం చెప్పుకోవచ్చు. ఓడెక్కకుండా ఊళ్లోనే ఉండిపోయిన తమ్ముడి మునిమనవడు మాత్రం ఇంగ్లిష్‌లోనే ఎంఏ చేసినా గుమ్మం బయటే. దీన్ని న్యాయం అనడానికి నోరు రాదు. కానీ వీసా అధికారి ముందున్న కాగితంలో న్యాయానికి గడి లేదు.

కొరియా గోడకు ఒక చిన్న కిటికీ అయితే ఉంది. 2010 జనవరి 1 నుంచి అమలవుతున్న భారత్-కొరియా ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం, అర్హత ఉన్న భారతీయ టీచర్లు అక్కడి బడుల్లో ఇంగ్లిష్ సహాయ ఉపాధ్యాయులుగా పనిచేసే వీలు కల్పించింది. ఇంగ్లిష్ డిగ్రీ, టీచరుగా గుర్తింపు రెండూ ఉండాలి. ప్రైవేటు ట్యూషన్ సెంటర్ల ప్రకటన చూసి బయల్దేరేవాళ్లకు ఈ కిటికీ అక్కరకు రాదు.

జపాన్ తంతు వేరు. స్కూళ్లలో విదేశీ భాష చెప్పే ‘ఇన్‌స్ట్రక్టర్’ హోదా కావాలంటే, ఆ భాషా మాధ్యమంలో కనీసం 12 ఏళ్లు చదివి ఉండాలి. చూడ్డానికి ఇది పాస్‌పోర్టు నిబంధన కన్నా పెద్దమనిషి తరహాగానే ఉంది. కానీ చీరాల పక్కనున్న వాడరేవు మత్స్యకార పల్లెలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఆనక ఎంఏ ఇంగ్లిష్‌లో ఫస్ట్ క్లాసు తెచ్చుకున్న కుర్రాడి లెక్క చూడండి. ఇంటర్ రెండు, డిగ్రీ మూడు, పీజీ రెండు, బీఈడీ రెండు. అన్నీ ఇంగ్లిష్ మీడియమే అనుకున్నా తొమ్మిదే. ఎల్కేజీ నుంచి కాన్వెంటులో చదివి, ఇంగ్లిష్ సాహిత్యం మొహం చూడని బీకాం కుర్రాడు మాత్రం ఈ గడి దాటేస్తాడు.

మన ఇంగ్లిష్ లెక్చరర్లను పాస్‌పోర్టు రంగు అడక్కుండా పిలిచిన దేశం ఇథియోపియా. హైలే సెలాసీ చక్రవర్తి కాలంలోనే భారతీయ టీచర్లు అక్కడి హైస్కూళ్లకు వెళ్లారు. వాళ్లలో మలయాళీలు ఎక్కువ. తెలుగువాళ్ల వంతు తర్వాత వచ్చింది. 1990ల మొదట్లో రెండే విశ్వవిద్యాలయాలున్న ఆ దేశం పాతికేళ్లలో వాటిని నలభై దాటించింది. హైస్కూలు నుంచీ పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనే. చెప్పేవాళ్లు చాలలేదు. ఆంధ్ర, నాగార్జున, కాకతీయ విశ్వవిద్యాలయాల పట్టాలతో తెలుగు అధ్యాపకులు గోండర్, జిమ్మా, హవాసా, మెకెలె దాకా వెళ్లారు. ఒప్పందం సాధారణంగా ఏడాదికి. జీతం డాలర్లలో.

అక్కడికి దిగినవాళ్లను ముందు తికమక పెట్టేది గడియారం. ఇథియోపియన్లు గంటలను సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. విద్యార్థి ‘రెండు గంటలకు క్లాసు’ అన్నాడంటే మన ఉదయం ఎనిమిది. మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా వెళ్తే తరగతి గది ఖాళీగా ఉంటుంది. ఏడాదికి 13 నెలలు. అక్కడి 2012 అంటే మన 2019 సెప్టెంబరు నుంచి 2020 సెప్టెంబరు దాకా. అందుకే కాగితాల మీద తేదీ పక్కన ‘ఈసీ’, ‘జీసీ’ అని ఏ కేలెండరో రాసే అలవాటుంది. అనుభవ పత్రం మీద ఆ రెండక్షరాలు పడ్డాయో లేదో చూసుకోకుండా తిరిగొస్తే, ఇక్కడి ఇంటర్వ్యూ బోర్డుకు ఏడెనిమిదేళ్ల తేడాను విడమరిచి చెప్పుకోవాలి. ఇక తిండి సంగతి. పులిసిన పిండితో పోసే పెద్ద అట్టు లాంటి ఇంజెరా, బెర్బెరె కారం దట్టించిన కూర. గుంటూరు నాలుక అక్కడ పెద్దగా ఇబ్బంది పడదు.

ఇబ్బంది వేరే చోట వచ్చింది. 2020 నవంబరులో టిగ్రే యుద్ధం మొదలైంది. మరుసటి ఏడాది మెకెలెలో ఫోన్లు, బ్యాంకులు మూతపడి, అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భారతీయ అధ్యాపకులు ఇంటికి కబురు పంపలేక, జీతం చేతికి రాక చిక్కుకుపోయారు. సక్రమ వీసా, సంతకమైన ఒప్పందం ఉన్నాయి గనుక వాళ్ల కోసం రాయబార కార్యాలయం మాట్లాడగలిగింది. ఆ కాగితాలే లేకపోతే?

దానికి జవాబు 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసులో ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి ఉత్తరాంధ్ర యువకులను టూరిస్టు వీసాల మీద కంబోడియాకు చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని సైబర్ మోసాలు చేయించారు. ఎర మారొచ్చు, నేడు డేటా ఎంట్రీ, రేపు ఇంగ్లిష్ ట్రైనర్. థాయ్‌లాండ్ 2023 నవంబరు నుంచి భారతీయులను వీసా లేకుండా రానిచ్చింది. ‘ముందు వచ్చెయ్, ఉద్యోగం ఇక్కడ చూద్దాం’ అనే కన్సల్టెన్సీకి ఇది బాగా కలిసొచ్చింది. అలా దిగినవాళ్లకు పాఠం చెప్పే హక్కు లేదు. నాన్-ఇమిగ్రెంట్ ‘బి’ వీసా, వర్క్ పర్మిట్, టీచర్స్ కౌన్సిల్ అనుమతి, మూడూ ఉండాలి. వర్క్ పర్మిట్ ఒక యజమాని పేరు మీదే ఉంటుంది. స్కూలు మారితే పర్మిటూ మారాలి.

పరాయి తీరాన దిగినవాడికి రాతపూర్వక భరోసా ఉండాలన్న మాట ఈ ఒడ్డుకు కొత్త కాదు. వాడరేవుకు నైరుతిగా తీరం వెంట ఉన్న మోటుపల్లిలో 1244 నాటి కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనుకటి రాజులు లాక్కునేవారని, తాను వాడుక సుంకం తప్ప ముట్టనని విదేశీ వర్తకులకు రాతి మీద రాసిచ్చాడు.

మాష్టారి భరోసా మాత్రం రాతి మీద కాదు, బీరువాలో మొదలవుతుంది. చాలా సందర్భాల్లో అది కాలేజీవాళ్ల బీరువా. ఒరిజినల్స్ అట్టేపెట్టుకోవద్దని యూజీసీ 2018లో స్పష్టంగా చెప్పినా, ఫీజు బాకీ పేరుతో టీసీ, సీఎంఎం (అన్నేళ్ల మార్కులూ ఒకేచోట ఉండే మెమో) ఇవ్వని కాలేజీలు ఇంకా ఉన్నాయి. అవి చేతికొచ్చాక పేరు గొడవ మొదలు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. ఆడవాళ్లకైతే పెళ్లయ్యాక మూడో రూపం. విదేశీ స్కూలు క్లర్కుకు ఇవి ముగ్గురు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. దరఖాస్తుకు ముందే పాస్‌పోర్టును మెమోతో సరిచేసుకుంటే సగం తలనొప్పి పోతుంది. ఆ తర్వాత పట్టాకు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, దాని మీద విదేశాంగ శాఖ అపోస్టిల్. 2019 నుంచి ఆ ముద్రకు ఢిల్లీ పోనక్కర్లేదు, హైదరాబాద్‌లోనే వేస్తున్నారు. ఆ శాఖ రుసుము కాగితానికి 50 రూపాయలే. వేలకు వేలు అడిగే మధ్యవర్తితో ఈ సంగతి తెలుసుకుని మాట్లాడాలి. దుబాయ్‌కైతే అపోస్టిల్ పనికిరాదు, ఎంబసీ ముద్ర విడిగా కావాలి.

ఏజెంటు విషయంలోనూ లెక్క ఉంది. విదేశీ ఉద్యోగానికి రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ సేవా రుసుము 30 వేల రూపాయలు, పైన జీఎస్టీ. అతని పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్ జాబితాలో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్‌నూ అడగొచ్చు.

అమెరికా కలకు రెండేళ్ల బోధన అనుభవం ఉంటే జె-1 టీచర్ వీసా ఉంది. మూడేళ్లు, పొడిగిస్తే ఐదు. కొన్ని వృత్తులవారు జె-1 ముగించుకుని రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధనకు ఆధారమైన నైపుణ్యాల జాబితా నుంచి 2024 డిసెంబరులో భారత్ పేరు తీసేశారు. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 2025 సెప్టెంబరులో, అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బి ఉద్యోగ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది. జె-1 ముగించుకుని ఇంటికొచ్చి, మళ్లీ హెచ్-1బి మీద వెళ్దామనుకున్నవాళ్ల దారి ఇరుకైంది. అంత సొమ్ము పోసి ఒక టీచరును తెచ్చుకునే స్కూలు డిస్ట్రిక్ట్ ఎక్కడుంటుంది?

ఇక మిగిలింది కేలెండరు. జపాన్‌లో బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, థాయ్‌లాండ్‌లో మే మధ్యలో, అమెరికాలో ఆగస్టులో. మన మాష్టార్లు మాత్రం ఏప్రిల్ ఆఖర్లో వేసవి సెలవులిచ్చాక కాగితాలు బయటకు తీస్తారు. అప్పటికి ఆ ఏడాది మొదటి రెండు దేశాలూ చేజారినట్టే. దసరా సెలవుల్లో యూనివర్సిటీకి వెళ్లి ఓడీకి (ఒరిజినల్ డిగ్రీ పట్టాకు) దరఖాస్తు పెట్టినవాళ్లకే ఆ రెండు దేశాలూ అందుతాయి.