ఒక పత్రిక నామపరిణామము

ఇస్లాము మతధర్మములను విచారించు ఆంగ్ల త్రైమాసికములలో 'ది ముస్లిం వరల్డ్' చిరకాలికము. అరేబియాలో మతప్రచారము సల్పిన అమెరికా క్రైస్తవుఁడు సామ్యుయెల్ జ్వెమర్ దీనిని 1911వ సంవత్సరమున స్థాపించి, 1947వ సంవత్సరము వఱకు సంపాదకుఁడై నడపెను. అప్పటి పేరు 'ది మోస్లెం వరల్డ్'. ఇస్లాము దేశములలోఁ గ్రైస్తవమతవ్యాప్తికిఁ దోడ్పడుట దాని ముఖ్యోద్దేశము. 1938లో అది హార్ట్‌ఫర్డ్ సెమినరీ యను క్రైస్తవ మతవిద్యాలయమునకుఁ జెందెను. 1948లో నామము మాఱెను.

ఈ మార్పు స్వల్పమని తోఁచవచ్చును. అరబ్బీలో 'ఇస్లాం', 'ముస్లిం' అను రెండును స-ల-మ అను హల్లుల ధాతువునుండి జనించినవి. మొదటిది భావార్థకము, ఈశ్వరునికి లోఁబడుట. రెండవది కర్త్రర్థకము, అట్లు లోఁబడినవాఁడు. 'ముస్లిం'లోని తుది యికారమే కర్తను దెలుపును. ఆ స్థానమున అకారమున్నచోఁ గర్మార్థము గలుగును. 'మోస్లెం' అనునది పరుల నోట నచ్చులు చెడిన రూపము. 'ముస్లిం' ఆ మతస్థులు తమకుఁ దాము చెప్పుకొను పేరు.

పూర్వపక్షమును ప్రతివాది తనదిగా నంగీకరించునట్లు చెప్పనిదే ఖండనము శోభింపదని శాస్త్రవాదము నెఱిఁగినవారికి విదితమే. మతప్రచారదృష్టితోఁ బుట్టిన యీ పత్రిక క్రమముగా నవగాహనమును లక్ష్యముగాఁ గొనెను. తరువాతి సంపుటములలో ముస్లిం పండితులును తమ మతతత్త్వమును, చరిత్రమును స్వయముగా వ్యాఖ్యానించిరి. ఎవరినిగూర్చి విచారము సాగెనో వారే వ్యాఖ్యాతలగుట ఈ పత్రిక పొందిన నిజమైన పరిణామము. పేరులోని యచ్చులు దానికి గుర్తు మాత్రమే.