గోడను కడుగుటకు ముందు

వానకాలము వెళ్ళి పండుగలు దగ్గరపడగానే ఇంటివారి చూపు ప్రహరీగోడ మీదికి పోవును. గోడ పైఅంచు నుండి నల్లని చారలు దిగియుండును. వసారాలోని బండలు మాసియుండును. గోడ అడుగుభాగము తెల్లని పొడి రాల్చుచుండును. ఈ మూడింటికిని ఒకటే మందని తలచి బజారు నుండి యాసిడ్ సీసా తెచ్చుట పరిపాటి. ఇటీవల నీటిని వేగముగా చిమ్ము యంత్రములు కూడ వాడుకలోనికి వచ్చినవి. కాని ఈ మూడు మరకలును మూడు వేర్వేరు పదార్థములు.

నల్లచారను చాలమంది మసి యనుకొందురు. చాకుమొనతో కొంచెము గీకి, నీటిబొట్టులో కలిపి, పాఠశాలలోని సూక్ష్మదర్శినితో చూచినచో తరచుగా పూసలపేరు వంటి జీవకణముల గొలుసులు కనబడును. ఇవి నీలి హరిత శైవలములు. సయనోబాక్టీరియా అనియు పేరు. ఎండ నుండి తమ్ము కాపాడుకొనుటకు వీటిలో పెక్కు తమపై పొరలో ముదురువన్నె పదార్థమును నింపుకొనును. వేసవిలో ఎండి నిద్రాణముగా నుండి, తొలకరితో మరల లేచును. కనుక వీటిని రుద్దినంత మాత్రమున చాలదు, చంపవలెను. బ్లీచింగు పౌడరు కలిపిన నీటిని తేర్చి, చల్లనివేళ గోడకు పట్టించి, పదిహేను నిమిషముల తరువాత మెత్తని కుంచెతో రుద్ది, నీటితో కడిగిన చాలును. చేతులకు తొడుగులు, కండ్లకు అద్దములు ఉండవలెను.

కొత్తగా వేసిన సున్నముపై శైవలములు పెరుగవు. తడిసున్నము యొక్క పి.హెచ్. విలువ 12 దాటియుండును. ఆ క్షారమునకు అవి తాళలేవు. క్రమముగా గాలిలోని కార్బన్ డైఆక్సైడుతో కలిసి సున్నము కాల్షియం కార్బొనేటుగా మారును, క్షారగుణము తగ్గును, చారలు తిరిగి వచ్చును. ఏటేట పండుగకు వెల్లవేయు ఆచారమును వట్టి అలంకారమని కొట్టివేయరాదు.

ఇక బండల సంగతి. కడప బండ, తాండూరు బండ, షాబాదు బండ – పేర్లు వేరైనను ఇవన్నియు సున్నపురాయి జాతివే. ఉపాధ్యాయుడు తరగతిలో ఒక కడపరాతి ముక్కను, ఒక గ్రానైటు ముక్కను ప్రక్కప్రక్కన ఉంచి, రెంటిమీదను సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లమును ఒక్కొక్క బొట్టు వేసి చూపవచ్చును. కడపరాయి బుసబుస పొంగును, గ్రానైటు ఊరకుండును. ఆ పొంగులో కరగిపోవునది మురికి కాదు, రాయి. యాసిడ్‌తో కడిగిన బండ ఆనాటికి శుభ్రముగా కనబడును గాని, నునుపుపోయి గరుకెక్కిన రాతిలో మురికి మునుపటికంటె త్వరగా నిలుచును. మరుసటి యేడు మరల యాసిడ్! చింతపండు, నిమ్మరసము కూడ ఆమ్లములే. ఇత్తడి చెంబును తోముటకు చింతపండు మంచిదే. కడప బండకు మాత్రము గోరువెచ్చని నీరు, కొద్దిపాటి సబ్బు తగును.

గోడ అడుగున రాలు తెల్లపొడి నేలలోని చెమ్మతో పైకెక్కిన లవణము. నీటితో కడిగినచో అది కరగి గోడలోనికి పోయి, ఆరిన పిమ్మట తిరిగి పూయును. పొడికుంచెతో దులిపి, చెమ్మ వచ్చు దారిని వెదకుటయే తగిన పని.

గృహములలో వాడు నీటియంత్రముల పీడనము తరచుగా వాతావరణ పీడనమునకు నూరు రెట్లుండును. గట్టి కాంక్రీటు, గ్రానైటు దానిని ఓర్చుకొనును. సున్నపు పూత, ఇటుకల సందులు, పాతపెంకులు ఓర్చుకొనలేవు. ఆస్బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులపై దానిని ఎన్నడును వాడరాదు. ఊపిరితిత్తులకు హానిచేయు సన్నని నారలు విడివడును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము వేరొకటి కలదు. గోడకు బ్లీచింగు నీరు పట్టించినవారే అదేపూట క్రింది బండలపై యాసిడ్ పోయుదురు. రెండును కాలువలో కలిసినచో క్లోరిన్ వాయువు వెలువడును. 1915లో బెల్జియములోని ఈప్ర్ వద్ద యుద్ధభూమిలో ఆయుధముగా వాడిన వాయువు ఇదియే. గాలికంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది గనుక నేలబారున, మూలలలో నిలుచును. అనగా కూర్చుండి బండలు తోమువారి ముఖమునకు, ప్రక్కన ఆడుకొను పసిపిల్లల ముఖమునకు సరిగా అందు ఎత్తులో. ఘాటు తగిలిన వెంటనే పని విడిచి అందరును ఆరుబయటి గాలిలోనికి పోవలెను; దగ్గుగాని ఆయాసముగాని ఉన్నచో వైద్యునికడకు వెళ్ళవలెను.