మేడి పట్టిన చేతికి నేల తెలిసినట్టు.. రేసు డ్రైవరుకూ ఓ కంప్యూటరు బడి

(మా ప్రత్యేక ప్రతినిధి)

ఎర్రగడ్డ: రైతు బజారుకు కూరగాయలు తెచ్చే రైతులు, ఛాతీ ఆసుపత్రికి వచ్చే రోగులు, అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులు నేర్చుకుందామని హాస్టళ్ళలో దిగే పల్లె యువకులు. ఎర్రగడ్డ దారిలో నిత్యం కనిపించేది వీరే. ఇక్కడ మెట్రో రైలు ఎక్కితే ఆరో స్టేషను ఖైరతాబాద్. అక్కడ దిగి కొంత దూరం నడిస్తే హుసేన్‌సాగర్ ఒడ్డు వస్తుంది. 2023 ఫిబ్రవరి 11న ఆ ఒడ్డునే ప్రపంచ స్థాయి కార్ల పందెం జరిగింది. ఫార్ములా-ఈ అని పిలిచే ఆ విద్యుత్ కార్ల పందెం మన దేశంలో జరగడం అదే మొదటిసారి.

సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్.టి.ఆర్. మార్గ్ పరిసరాల్లోని మామూలు రోడ్లనే పందెపు బాటగా మార్చారు. చుట్టు కొలత 2.8 కిలోమీటర్ల పైచిలుకు. మలుపులు 18. కారు గంటకు 320 కిలోమీటర్ల వేగం అందుకోగలిగేలా తయారైనది. పోటీకి దిగిన వారు 22 మంది. ఫార్ములా-ఈ కారు ఆ బాట మీద అంతకుముందు పరుగెత్తిందే లేదు. మరి అంత వేగంతో ఏ మలుపు దగ్గర ఎప్పుడు బ్రేకు తొక్కాలో వారికెలా తెలిసింది?

దీనికి జవాబు సిమ్యులేటరు. అంటే అనుకరణ యంత్రం. కొత్త బాట కొలతలను ముందుగానే కంప్యూటరుకు ఎక్కించి, డ్రైవరును ఉత్తుత్తి కారులో కూర్చోబెట్టి, కళ్ళ ముందు తెరల మీద ఆ బాటను చూపిస్తూ నడిపించడం ఈ పోటీల్లో జట్లు పాటించే పద్ధతి. విమానం నడిపే పైలట్లు కూడా ఇలాంటి యంత్రాల మీద ముందుగా చేయి తిప్పుకున్నాకే ఆకాశానికి ఎగురుతారు.

ఆట వేరు, అనుకరణ వేరు

కంప్యూటరులో కార్ల ఆటలు చాలామంది పిల్లలు ఆడుతుంటారు. గోడకు గుద్దుకున్నా కారు ముందుకే పోతుంది. బ్రేకు తొక్కకుండానే మలుపు తిరుగుతుంది. అది కాలక్షేపం. సిమ్యులేటరులో అలా కుదరదు. నిజమైన రోడ్డు మీద ఏ తప్పు చేస్తే కారు జారుతుందో, ఇక్కడా అదే తప్పుకు జారుతుంది. మొదటిసారి కూర్చున్న వారు రెండో మలుపు దాటకుండానే గడ్డిలోకి పోవడం మామూలే.

ఈ తేడాకు పునాది వేసిన వారిలో ఇంగ్లండుకు చెందిన జెఫ్ క్రామండ్ ఒకరు. 1984లో ఆయన 'రెవ్స్' అనే ప్రోగ్రాము రాశారు. బి.బి.సి. మైక్రో అనే ఇంటి కంప్యూటరు మీద అది నడిచేది. ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు. ఇవాళ సెల్‌ఫోనుతో తీసే ఒక్క ఫోటో దానికి వంద రెట్ల దాకా ఉంటుంది. అంత చిన్న చోటులోనే ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ రేసు బాటను, కారు బరువును, టైర్ల పట్టును ఆయన ఇమిడ్చారు. డేవిడ్ హంట్ అనే రేసు డ్రైవరు సలహాలు తీసుకున్నారు.

తరువాత అమెరికాలో పాపిరస్ అనే సంస్థ 1989లో ఇండియానాపొలిస్ పందేన్ని, 1998లో 1967 నాటి రేసు కార్లను కంప్యూటరులోకి తెచ్చింది. ఆ సంస్థలో పనిచేసిన డేవిడ్ కేమర్ మరొకరితో కలిసి పెట్టిన సంస్థ 2008లో 'ఐరేసింగ్'ను విడుదల చేసింది. అసలు రేసు బాటలను లేజరు కిరణాలతో అంగుళం అంగుళం కొలిచి, గతుకులతో సహా అందులో పెట్టారు. ఇలా కొలిచే పద్ధతి ఇప్పుడు ఈ రంగంలో బాగా వ్యాపించింది.

ముగ్గురు మనుషులు, నాలుగు టైర్లు

ఇదంతా పెద్ద కంపెనీల వల్లనే అవుతుందనుకుంటే పొరపాటు. స్కావెన్ రాబర్ట్స్, ఎరిక్ బెయిలీ, విక్టర్ వాన్ వ్లార్డింగెన్ అనే ముగ్గురే కూర్చుని 'లైవ్ ఫర్ స్పీడ్' అనే సిమ్యులేటరును తయారుచేశారు. 2002లో మొదటిసారి జనం చేతికిచ్చారు. వేర్వేరు దేశాల్లో ఉన్నవారు ఒకే బాట మీద పందెం వేసుకునే ఏర్పాటు అందులో ఉంది.

అందులో బొమ్మలకన్నా టైరు లెక్క ముఖ్యం. టైరు ఎక్కడ ఎంత వేడెక్కింది, ఎంత అరిగింది, గడ్డిలోకి దిగి వచ్చినప్పుడు దానికెంత మట్టి అంటుకుంది, బ్రేకు గట్టిగా తొక్కి చక్రం బిగుసుకుపోతే రబ్బరు ఒకేచోట ఎంత చదునుగా అరిగింది, ఇవన్నీ లెక్కకు వస్తాయి. క్లచ్చిని అదేపనిగా వాడితే అది కూడా వేడెక్కి పట్టు తప్పుతుంది. 2008 చివర్లో వారు ఒక కొత్త కారు ఇస్తామని ప్రకటించారు. కాని టైరు లెక్క రాబర్ట్స్‌కే తృప్తినివ్వలేదు. దాన్ని తిరగరాయడానికి కూర్చున్నారు. ఆ పని ఏళ్ళ తరబడి సాగింది. వాడేవారు ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఒక టైరు కోసం ఇంత శ్రమ ఎందుకన్నది మన రైతులకు వేరే చెప్పనక్కరలేదు. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసినచోట మోటారు సైకిలు బ్రేకు పట్టి జారిపడని ఊరు ఉండదు. బండికి ఎంత బలం ఉన్నా, రోడ్డును తాకేది చక్రానికి అరచేయంత మేర రబ్బరే. ఆ పట్టు సంచిలోని వడ్ల వంటిది. ఉన్నదంతా బ్రేకుకే కొలిచి పోస్తే మలుపు తిరగడానికి గింజ మిగలదు. అందుకే రేసు డ్రైవరు సాధ్యమైనంత వరకు మలుపుకు ముందే, తిన్నని బాట మీద వేగం తగ్గిస్తాడు. మలుపులోకి దిగాక గట్టిగా బ్రేకు తొక్కితే కారు జారుతుంది.

బరువు సంగతీ అంతే. పల్లంలో దిగేటప్పుడు ఎడ్లబండి బరువంతా కాడి మీదికి వచ్చి ఎడ్ల మెడలు వంగుతాయి. కారుకు బ్రేకు తొక్కినప్పుడు కూడా బరువు ముందు చక్రాల మీదికి వస్తుంది. వెనుక చక్రాలు తేలికవుతాయి. సిమ్యులేటరు లోపల ఈ లెక్కలన్నీ సెకనుకు కొన్ని వందలసార్లు జరుగుతుంటాయి.

చేతికి తెలిసేదే చదువు

లెక్క ఎంత బాగున్నా అది డ్రైవరు ఒంటికి తెలియాలి. నాగలి మేడి పట్టిన రైతుకు నేల గట్టిగా ఉందో మెత్తగా ఉందో, కర్రు రాయికి తగిలిందో వంగి చూడనవసరం లేదు. చేయే చెబుతుంది. సిమ్యులేటరు స్టీరింగు వెనుక ఉండే మోటారు చేసే పని అదే. టైరు పట్టు ఉన్నంతసేపు స్టీరింగు బిగువుగా ఉంటుంది. ముందు చక్రాలు జారితే సడలుతుంది. గతుకు వస్తే అదురుతుంది. ఈ బిగువులో తేడా పట్టుకోవడం వచ్చిననాడు డ్రైవరు సగం నేర్చినట్టు.

ఇళ్ళలో వాడే మోటారు స్టీరింగు, పెడళ్ళ జత ఇప్పుడు పాతికవేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతోంది. కంప్యూటరు ఖర్చు వేరు. రేసు జట్లు వాడే యంత్రాలు ఇంతకు ఎన్నో రెట్లు ఖరీదైనవి. కారు ఊగినట్టు కూర్చునే పీట కూడా ఊగే రకాలు వాటిలో ఉన్నాయి.

ఆట నుంచి అసలు పందేనికి

కార్ల పందెం కలవారి విద్య. కారు, టైర్లు, మెకానిక్కులు, ప్రయాణాలు అన్నీ లక్షలతో పని. ఆ గోడకు సిమ్యులేటరు ఒక కిటికీ తెరిచింది. 'గ్రాన్ టురిస్మో' అనే ప్రసిద్ధ ఆటలో నెగ్గిన వారికి అసలు రేసు కారు నడిపే అవకాశమిస్తామని నిస్సాన్, సోనీ కంపెనీలు 2008లో ఒక పోటీ మొదలుపెట్టాయి. 2011లో సుమారు 90 వేల మందితో పోటీపడి బ్రిటన్‌కు చెందిన జాన్ మార్డెన్‌బరో అందులో గెలిచారు. అప్పుడాయనకు 19 ఏళ్ళు. రెండేళ్ళకే, అంటే 2013లో, ఫ్రాన్సులో 24 గంటలపాటు సాగే లీ మాన్ పందెంలో ఆయన జట్టు తన తరగతిలో మూడో స్థానం పొందింది. ఆయన కథ 2023లో సినిమాగా కూడా వచ్చింది.

కాని ఆ కథకు మరో పక్క కూడా ఉంది. 2015 మార్చిలో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ బాట మీద మార్డెన్‌బరో నడుపుతున్న కారు ముందు భాగం గాలిలోకి లేచి, కంచె దాటి పడింది. చూడవచ్చిన ఒక ప్రేక్షకుడు మరణించాడు. సిమ్యులేటరులో కారు పల్టీ కొడితే ఒక మీట నొక్కగానే మళ్ళీ బాట మీదికి వస్తుంది. అక్కడ ఆ మీట లేదు.

హైదరాబాద్ పందెం కూడా ఇదే పాఠం చెప్పింది. జాగ్వార్ జట్టు డ్రైవరు మిచ్ ఎవాన్స్ ఆనాడు అందరికన్నా ముందు నుంచి బయలుదేరారు. కొన్ని చుట్లు తిరిగాక ఇరుకు మలుపులో సొంత జట్టువాడైన శామ్ బర్డ్ కారే వచ్చి ఆయన కారును గుద్దింది. ఇద్దరికీ అక్కడితో పందెం ముగిసింది. చివరికి ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. మలుపు ఎలా ఉంటుందో యంత్రం నేర్పుతుంది గాని, ఆ క్షణాన పక్కవాడు ఏం చేస్తాడో నేర్పలేదు. 2024లో ఇక్కడ మళ్ళీ జరగవలసిన పందెం రద్దయింది.

ఊరి పిల్లలకు ఉపయోగమేమిటి?

రేసు డ్రైవర్లు కావడం ఎందరికో సాధ్యమయ్యేది కాదు. డ్రైవింగు మాత్రం మన పల్లెల్లో వేలాది కుటుంబాలకు కూడు పెట్టే వృత్తి. ఈ యంత్రం ఇప్పుడు ఆ దారిలోకీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 1 నుంచి అమలు చేసిన నిబంధనల ప్రకారం గుర్తింపు పొందే డ్రైవింగు శిక్షణ కేంద్రాల్లో సిమ్యులేటరు, పరీక్షకు ప్రత్యేక బాట తప్పనిసరి. తేలికపాటి వాహనాలకు నాలుగు వారాల్లో 29 గంటలు, భారీ వాహనాలకు ఆరు వారాల్లో 38 గంటలు శిక్షణ ఇవ్వాలి. ఇలాంటి కేంద్రంలో నేర్చి అక్కడి పరీక్షలో నెగ్గినవారు లైసెన్సు కోసం రవాణా శాఖ కార్యాలయంలో మళ్ళీ బండి నడిపి చూపనక్కరలేదు. అయితే ప్రతి డ్రైవింగు స్కూలుకూ ఈ గుర్తింపు ఉండదు. డబ్బు కట్టే ముందే గుర్తింపు పత్రం చూపమని అడగడం మంచిది.

అవసరం ఎంతైనా ఉంది. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. వారిలో ప్రతి పదిమందికీ ఏడుగురు అతివేగం వల్లనే పోయారు.

ఎర్రగడ్డ హాస్టలు గదిలో కొడుకు కంప్యూటరు ముందు కూర్చుని స్టీరింగు తిప్పుతున్నాడని తెలిస్తే ఊళ్ళో తల్లిదండ్రులకు కోపం రావడం సహజం. చదువు మాని ఆడుతుంటే మందలించవలసిందే. కాని తిట్టే ముందు ఒక మాట అడిగి చూడాలి: మలుపులో బ్రేకు ఎప్పుడు తొక్కాలిరా అని. మలుపుకు ముందే అని, ఎందుకో కూడా చెప్పగలిగితే వాడు ఆ యంత్రం దగ్గర కొంత నేర్చుకున్నట్టే. పండుగకు ఊరికి వచ్చి మోటారు సైకిలు తీసినప్పుడు కూడా ఆ మాట మరిచిపోకుండా చూడడం ఇంటి పెద్దల వంతు.