కోడుకు రంగు పడిన కథ

కోడును రంగుల్లో చూడటం ఇవాళ ప్రోగ్రామర్లకు ఊపిరి తీసుకున్నంత మామూలు. ఈ అలవాటుకు తొలి అడుగుల్లో ఒకటి పడింది మాత్రం ఒక నిఘంటువు కోసం. 1980ల్లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నడుస్తోంది. ప్రతి మాట కింద ఉచ్చారణ, వ్యుత్పత్తి, అర్థాలు, తేదీలతో ప్రయోగాలు, మధ్యలో ఏది ఏమిటో చెప్పే ట్యాగులు. ఒకే రంగు తెర మీద అదంతా ఒకటే ముద్ద. ఐబీఎంలో పనిచేసే మైక్ కౌలిషా 1985లో ఇందుకోసం లెక్స్ అనే ఎడిటర్ రాశాడు. టైపు చేస్తుండగానే పాఠాన్ని విడదీసి, ఏ భాగానికి ఆ రంగు వేసేదది. ప్రోగ్రాములకూ అలాగే వేయగలిగేది.

1992లో టర్బో పాస్కల్ 7, 1998లో విమ్ ఎడిటర్ 5.0 వచ్చేసరికి రంగులు అందరి తెరల మీదికీ చేరాయి. విమ్‌లో ఏ భాషకైనా రంగులద్దే పద్ధతి సులువు: కొన్ని మాటల జాబితా, కొన్ని నమూనాలు, ‘ఇక్కడ మొదలై అక్కడ ముగుస్తుంది’ అనే హద్దులు. అంటే ఎడిటర్‌కు కోడు అర్థమైనట్టు కాదు, ఆనవాలు పట్టినట్టు. ఒక కొటేషన్ గుర్తు మూయడం మరిచిపోండి, కొన్ని భాషల్లో ఫైలు చివరిదాకా అంతా స్ట్రింగ్ రంగుకు మారిపోతుంది. చూడటానికి కంగారుగా ఉన్నా, అది తప్పును వేలెత్తి చూపడమే.

2004లో మ్యాక్ కంప్యూటర్లకు వచ్చిన టెక్స్ట్‌మేట్ ఇంకో పని చేసింది. ఇది కామెంటు, ఇది ఫంక్షన్ పేరు అని గుర్తించడం వేరు, దానికి ఏ రంగు వేయాలో తేల్చడం వేరు అని రెంటినీ విడగొట్టింది. 2015లో వచ్చిన వీఎస్ కోడ్ కూడా ఆ పద్ధతినే తీసుకుంది. అందుకే అందులో థీమ్ మొత్తం మార్చకుండా ఒక్క కామెంట్ల రంగే మార్చుకోవచ్చు: సెట్టింగ్స్ ఫైలులో ‘ఎడిటర్.టోకెన్‌కలర్‌కస్టమైజేషన్స్’ కింద ‘కామెంట్స్’ అని రాసి, ఎదురుగా రంగు కోడు ఇస్తే చాలు. నన్నడిగితే అందరూ ముందు మార్చాల్సింది అదే. మనిషి మనిషి కోసం రాసిన ఆ వాక్యాలను చాలా థీమ్‌లు కనీకనపడని బూడిద రంగులో పడేస్తాయి. అందుకే కోడు మారినా పాత కామెంటు అలాగే మిగిలిపోయి అబద్ధం చెబుతుంటుంది, ఎవరి కంటా పడదు.

నమూనాలతో నడిచే పద్ధతికి చేతకానివీ ఉన్నాయి. సీ భాషలో ‘ఎ * బి;’ అన్న లైను చూడండి. ‘ఎ’ ఒక సంఖ్య అయితే అది గుణకారం. ‘ఎ’ ఒక టైపు పేరైతే అది ‘బి’ అనే పాయింటర్ ప్రకటన. ఆ లైను ఒక్కటే చూసి ఎవరూ తేల్చలేరు. మ్యాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రాసిన ట్రీ-సిట్టర్ అనే పార్సర్ 2018లో ఆటమ్ ఎడిటర్‌లోకి వచ్చాక కోడంతటికీ వాక్యనిర్మాణపు చెట్టు కట్టడం, ఒక అక్షరం మారితే ఆ మేరకే చెట్టును సరిచేయడం వీలైంది. అయినా పై చిక్కు దానికీ తెగదు. ‘ఎ’ అంటే ఏమిటో నిర్వచనం దాకా వెళ్లి చూసొచ్చే లాంగ్వేజ్ సర్వర్ కావాలి. 2020 నుంచి వీఎస్ కోడ్ ఆ సమాచారాన్ని మామూలు రంగుల మీద మరో పూతగా వేస్తోంది.

ఇన్ని వచ్చినా, ఆఫీసులో నలుగురే వాడే చిన్న కాన్ఫిగరేషన్ భాషకు రంగులు కావాలంటే ట్రీ-సిట్టర్ వ్యాకరణం రాసే ఓపిక ఎవరికి? విమ్‌లో ఓ పది లైన్ల నమూనాలు రాసుకుని పని కానిచ్చేస్తారు.