పళ్లెం తిరగేసి చూడండి!

పాత పింగాణీ పళ్లెం చేతికొస్తే మనమంతా ముందు పూలే చూస్తాం. అసలు చూడాల్సింది వెనక! మా అత్తగారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న రెండు గులాబీల పళ్లేలకు వెనక ఆకుపచ్చగా 'లిమోజ్, ఫ్రాన్స్' అని ముద్ర ఉంది. ఆవిడ పుట్టిల్లు యానాం. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల పాలనే కదా, అవి ఆ ఇంటికి చేరడంలో వింతేం లేదు. ఈ సీతంపేట కొండల్లోకి వచ్చి పడ్డమే వింత!

"రాజుల కాలంవి, లక్షలు పలుకుతాయి" అని మా తోడికోడలికి ఎవరో చెప్పారు. అమ్మి పంచుకుందామంది. అత్తగారు "నా పుట్టింటివి మిగిలినవి ఇవే" అని ఒక్క మాటన్నారు, అంతే. రెండు నెలలు ఇంట్లో మూగనోము.

ఆ మూగనోము విప్పింది వెనకున్న ముద్రే. రాజుగారి కార్ఖానా ఉన్నది సెవ్ర్‌లో. పదిహేనో లూయీ 1759లో దాన్ని సొంతం చేసుకున్నాడు. దాని ముద్ర పెనవేసుకున్న రెండు 'ఎల్' అక్షరాలు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సెవ్ర్ పింగాణీ చూడొచ్చు. (ఆ ముద్రకీ నకళ్లు బోలెడు!) లిమోజ్ వేరే ఊరు. పైగా విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా పట్టుబట్టింది 1891 నుంచి. అందుకే 'ఫ్రాన్స్' అని రాసి ఉంటే సాధారణంగా ఆ తర్వాతదే. లక్షల మాట అక్కడితో సరి. జంటని విడదీయకుండా అత్తగారు ఎవరింట్లో ఉంటే అక్కడే ఉంచాలనుకున్నాం.

లిమోజ్ కథ మాత్రం మనకి నచ్చుతుంది. ఆ దగ్గర్లో 1768లో తెల్లమట్టి బయటపడింది. దార్నే అనే వైద్యుడి భార్య, బట్టలు ఉతకడానికి పనికొస్తుందేమోనని ఆ మట్టిని ఇంటికి తెచ్చిందట! అదే పింగాణీకి ప్రాణమైన కయోలిన్. 1771కల్లా లిమోజ్‌లో కార్ఖానా లేచింది. పేరేమో మగవాళ్లకొచ్చింది లెండి.

మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే దీపానికి అడ్డంగా పట్టుకోండి. అసలు పింగాణీ అయితే వెనకున్న వేళ్ల నీడ కనిపిస్తుంది. పూలని భూతద్దంతో చూస్తే చిన్న చిన్న చుక్కలు కనిపించాయా? అది అచ్చు. కుంచె జాడలుంటే చేతి పని. గీతలు అచ్చువేసి రంగులు చేత్తో నింపినవీ ఉంటాయి.

బూడిద, పీచు దగ్గరికి రానివ్వకండి, బంగారు అంచు పోతుంది. గోరువెచ్చని నీళ్లూ మెత్తటి గుడ్డా చాలు. ఒకదానిమీద ఒకటి పెడితే మధ్యలో గుడ్డ ముక్క ఉండాలి. ముఖ్యంగా, పాత పూల రంగుల్లో సీసం ఉండొచ్చు. నిమ్మకాయ, చింతపండు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. పులిహోర, పచ్చడి అందులో వడ్డించొద్దు.

మాకు అడ్డాకుల విస్తర్లు తెచ్చిచ్చే సవర అమ్మ ఓ రోజు ఆ పళ్లెం చూసి, "ఇందల ఏటి తింతారమ్మా?" అంది. ఏమీ తినం అన్నాను. "మరెందుకమ్మా?" అని నవ్వుతూ, పాతిక విస్తర్లు లెక్కపెట్టి ఇచ్చి వెళ్లింది.